లైమ్ జబ్బు తర్వాత ఎంత కోలుకున్నామో లెక్క చూసుకోవడం ఎలా

లైమ్ జబ్బుకి రాసిచ్చిన డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఆఖరి మాత్ర వేసుకుని, ఖాళీ సీసా చెత్తబుట్టలో పడేసి, రేపటి నుంచి నేను మామూలు మనిషిని అనుకున్నాను. మూడు వారాలకి ఆఫీసు పార్కింగ్‌లో కారు ఎక్కడ పెట్టానో గుర్తురాక పావుగంట తిరిగాను. ఉతికిన బట్టల బుట్ట మేడ మీదికి మోసుకెళ్ళి, మడతపెట్టే ఓపిక లేక వాటి పక్కనే పడుకున్నాను. "ఇంకా తగ్గలేదా నాన్నా?" అని అమ్మ రోజూ ఫోన్లో అడిగేది. నా జవాబు రోజుకో రకంగా ఉండేది. అబద్ధం చెప్పి కాదు, తగ్గుతోందో లేదో నాకే అర్థం కాక.

లైమ్ అంటే టిక్ అనే చిన్న పురుగు కరిస్తే వచ్చే బాక్టీరియా జబ్బు, తరచు ఒంటి మీద మచ్చతో మొదలవుతుంది. అది వచ్చి, డాక్టర్ రాసిన మందు పూర్తిగా వాడి, ఆ తర్వాత నెలల తరబడి ఇలా ఊగిసలాడుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్ వైపు మనవాళ్ళు చాలామంది ఉన్నారు, ఈ పురుగులూ అక్కడ ఎక్కువ. అమెరికాలో ఏటా సుమారు 4,76,000 మందికి లైమ్ అని చెప్పి మందులిస్తున్నారని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా. ఇందులో ఉన్నది వైద్యం కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు "ఏదో నీరసంగా ఉందండీ" అనే ఒక్క మాట బదులు చేతిలో నాలుగు పేజీలు ఉండేలా చేసుకోవడం.

నోటుబుక్కుకీ ఈ జబ్బుకీ పాత సంబంధం ఉంది. 1970లలో కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊళ్ళో పాలీ మరే అనే ఇల్లాలు తన ఇంట్లో అందరికీ వస్తున్న కీళ్ళవాపులు, మచ్చలు, జ్వరాలు తేదీలతో సహా రాసుకుంటూ వచ్చింది. డాక్టర్లు చాలాకాలం నమ్మలేదు. 1975లో ఆమె, మరో తల్లి రాష్ట్ర ఆరోగ్య శాఖకి ఫోన్ చేసి పట్టుబట్టాకే యేల్ యూనివర్సిటీ నుంచి అలెన్ స్టీర్ అనే డాక్టర్ వచ్చి ఆరా తీశాడు. పురుగులో ఉన్న బాక్టీరియాని విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త బయటపెట్టేసరికి 1982 వచ్చింది.

ముందు తేదీలు రాయండి

మొదటి పేజీలో నాలుగు తేదీలు: పురుగు కరిచిన రోజు (తెలిస్తేనే, చాలామందికి తెలియదు), మచ్చ మొదట కనిపించిన రోజు, మందు మొదలుపెట్టిన రోజు, ఆఖరి మాత్ర వేసుకున్న రోజు. మందు పేరు, మోతాదు, ఎన్ని రోజులన్నది కూడా. సీసా మీది లేబుల్‌ని ఫోటో తీస్తే చాలు. నేను సీసా పారేసి, తర్వాత ఫార్మసీకి ఫోన్ చేసి రాయించుకున్నాను.

ఆఖరి మాత్ర రోజుని "సున్నా" అనుకోండి. ఇక్కడి నుంచి ప్రతి లెక్కా ఆ రోజు నుంచే.

మచ్చ ఫోటో ఉంటే దాచండి. పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్లటి చర్మం మీద ఎర్రటి వలయాలే. మన రంగు మీద అది అలా కనిపించకపోవచ్చు. నాకు మోకాలి వెనక వచ్చింది కమిలిన దెబ్బలా నల్లెరుపుగా ఉంది, మధ్యలో వలయం లేదు, ఏమీ లేదు. మొదట చూపించుకున్న చోట సాలీడు కుట్టిందని చెప్పి పూత మందు ఇచ్చి పంపారు. తొమ్మిది రోజులు అలా పోయాయి. ఆ తొమ్మిది రోజులు కూడా పేజీలో రాసుకోండి. మందు ఆలస్యమైన సంగతి తర్వాత చూసే డాక్టర్‌కి పనికొస్తుంది. మళ్ళీ ఎప్పుడైనా మచ్చ వస్తే పక్కన క్వార్టర్ నాణెం పెట్టి రోజుకో ఫోటో తీయండి. పెరుగుతోందా లేదా అన్నది రంగు కంటే ముఖ్యం.

జబ్బుకి ముందు మీరెలా ఉండేవారు?

చాలామంది దాటేసే పేజీ ఇదే. కోలుకోవడం అంటే ఎక్కడికి తిరిగి రావాలో ముందు తెలియాలి కదా. మనకి జ్ఞాపకంలో మిగిలేది పాతికేళ్ళ వయసులో ఉన్న మనం, నిరుడు వేసవిలో ఉన్న మనం కాదు. అందుకని ఊహించకుండా సాక్ష్యం వెతకండి. ఫోన్‌లో అడుగుల లెక్క ఉంటుంది, జబ్బుకి ముందు మూడు నెలల సగటు చూసి రాయండి. ఎన్ని గంటలకి పడుకునేవారో ఇంట్లోవాళ్ళని అడగండి. నేను రోజూ ఎనిమిది వేల అడుగులు నడిచేవాడినని గట్టిగా నమ్మాను. ఫోన్ తీసి చూస్తే ఐదు వేల చిల్లర!

వారానికి ఐదు గీతలు

రోజూ రాయకండి. నేను రెండు వారాలు రోజూ రాశాను. ఏమైందంటే, పొద్దున్నే లేచి ఎక్కడ నొప్పి ఉందా అని ఒళ్ళంతా వెతుక్కోవడం అలవాటైంది. వెతికితే దొరక్కుండా ఉంటుందా? వారానికోసారి, ఒకే రోజు, ఒకే టైముకి రాయండి. నాది ఆదివారం పొద్దున కాఫీ టైము.

మొదటి గీత నీరసం. సున్నా నుంచి పది. ఈ అంకెలు ఊరికే వేస్తే జారిపోతాయి. ఈ నెల ఐదు, మూడు నెలల తర్వాతి ఐదు ఒకటి కావు. అందుకే ఒక్కో అంకెని ఒక పనికి కట్టేయండి. నాకు సున్నా అంటే శనివారం గుడికెళ్ళి, వచ్చే దారిలో సరుకులు తెచ్చి, సాయంత్రం ఎవరింట్లోనో పుట్టినరోజుకి కూడా వెళ్ళగలగడం. ఐదు అంటే ఆ మూడింట్లో ఒక్కటే. ఎనిమిది అంటే ఇంట్లోనే ఉండి, స్నానం చేసి మళ్ళీ పడుకోవడం. ఈ కొలబద్దని పుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకుని ప్రతివారం చూసి అంకె వేయండి.

రెండోది నొప్పి. ఏ కీలు, కుడా ఎడమా, వాపు ఉందా లేదా. వాపు ఉంటే నొప్పి కంటే పెద్ద విషయం, దాని గురించి కింద చెబుతాను. మూడోది నిద్ర. గంటలతో పాటు, లేచాక తెరిపిగా ఉందా లేదా.

నాలుగోది బుర్ర. ఇక్కడ నేనో పొరపాటు చేశాను. వారం వారం సుడోకు చేసి ఎంతసేపు పట్టిందో రాశాను. టైము తగ్గుతూ వచ్చింది, సంబరపడ్డాను. నిజానికి నాకు సుడోకు అలవాటైంది, అంతే. దాన్ని కొట్టేసి వేరే లెక్క పెట్టాను: ఈ వారం ఎన్నిసార్లు ఎదుటివాళ్ళు "ఇందాకే చెప్పాను కదా" అన్నారు? ఇది కచ్చితమైన కొలత కాదు, కానీ మోసం తక్కువ.

ఐదోది నడక. ఒకటే దారి, ఒకటే దూరం. ఎన్ని నిమిషాలు పట్టిందో, మర్నాడు ఎలా ఉందో. మర్నాటి సంగతి తప్పకుండా రాయండి. కాస్త బాగున్న రోజున పెండింగ్ పనులన్నీ చేసేసి, తర్వాత రెండు రోజులు మంచానికి అతుక్కుపోవడం ఈ జబ్బులో మామూలే. అలా రెండుసార్లు జరిగితే నడక దూరం తగ్గించి, మెల్లగా పెంచుకుంటూ రండి.

నా పుస్తకంలో మూడో వారం ఇలా ఉంది: "నీరసం 7. ఎడమ మోకాలు, వాపు లేదు. నిద్ర 9 గం., తెరిపి లేదు. బుర్ర 6 సార్లు. నడక 31 ని., మర్నాడు పడుకున్నాను." పద్నాలుగో వారం: "నీరసం 5. నొప్పి లేదు. నిద్ర 8, పర్లేదు. బుర్ర 3. నడక 26, మర్నాడు బాగానే ఉంది." పద్నాలుగో వారం రాసేటప్పుడు నాకేమీ తగ్గలేదనే అనిపించింది. వెనక్కి తిప్పి చూశాకే తెలిసింది.

పక్కన ఇంకొకరి చేత రాయించండి

ఈ మొత్తంలో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి. లైమ్ రాని మనిషి ఒకరు, మీ వయసుకి దగ్గరగా ఉన్నవాళ్ళు, అవే ఐదు గీతలు అదే రోజు రాయాలి. మీ అంకె చూడకుండా రాయాలి. మా ఇంట్లో మా ఆవిడ రాసింది, మొదట్లో గొణుగుతూనే.

మొదటి రెండు నెలలు నా నీరసం ఏడు దగ్గర, ఆవిడది మూడు. ఐదో నెలకి నాది నాలుగు, ఆవిడది మూడు. చిన్నాడికి ఫ్లూ వచ్చిన వారం ఇద్దరిదీ ఏడు. ఏప్రిల్‌లో ట్యాక్సులు కట్టే వారం ఇద్దరిదీ ఆరు. ఆ రెండు వారాలూ నా పేజీ ఒక్కటే చూస్తే "లైమ్ మళ్ళీ తిరగబెట్టింది" అనుకునేవాడిని. ఆవిడ పేజీ పక్కన ఉండబట్టి సరిపోయింది.

పెద్ద పరిశోధనల్లో చేసేదీ ఇదే. జాన్స్ హాప్కిన్స్‌లో జాన్ ఆకాట్ బృందం, మచ్చ ఉండగానే లైమ్ గుర్తించి సరిగా మందు వాడిన 234 మందిని, లైమ్ రాని 49 మందిని పక్కపక్కనే పెట్టి చూసుకుంటూ వచ్చింది. 2022లో వాళ్ళు అచ్చువేసిన ఫలితం: రోజువారీ పనులకి అడ్డుపడేంత నీరసం, నొప్పులు, మతిమరుపు లైమ్ వచ్చినవాళ్ళలో సుమారు 14 శాతానికి మిగిలాయి, లైమ్ రానివాళ్ళలోనూ 4 శాతానికి ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో 1,135 మంది రోగులతో చేసిన ఇంకో అధ్యయనం 2021లో వచ్చింది. అందులో లైమ్ వచ్చినవాళ్ళలో 27 శాతం మందికి దీర్ఘకాలం బాధలు ఉన్నాయి. వినగానే గుండె జారుతుంది. కానీ అదే కొలతతో మామూలు జనంలో చూస్తే 21 శాతం, పురుగు కరిచినా లైమ్ రానివాళ్ళలో 23 శాతం. అంటే లైమ్ ఖాతాలో వేయాల్సింది ఆ తేడానే. రెండు అధ్యయనాల అంకెలు ఇంత దూరంగా ఉండటానికి ఒక కారణం, దేన్ని "బాధ" అని లెక్కించాలో ఒక్కొక్కరు ఒక్కోలా గీత గీయడం.

దీన్నిబట్టి మీ నీరసం ఊహ అని ఎవరైనా అంటే నమ్మకండి. తేడా ఉందని ఈ అధ్యయనాలే చెబుతున్నాయి. మీ విషయంలో ఆ తేడా ఎంతన్నదే మీరు పట్టుకోవాల్సింది.

నెలకోసారి వెనక్కి చూడండి

నాలుగు వారాల నీరసం అంకెలు కలిపి నాలుగుతో భాగించి నెలకో అంకె వేయండి. నెలని నెలతో పోల్చండి, వారాన్ని వారంతో వద్దు. కోలుకోవడం మెట్లు దిగినట్టు తిన్నగా సాగదు, రెండు మంచి వారాల తర్వాత ఒక చెడ్డ వారం వస్తుంది.

మూడో నెల అంకె మొదటి నెల కంటే తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి పుస్తకం పట్టుకుని వెళ్ళండి. మళ్ళీ లైమ్ మందు అడగడానికి కాదు, నీరసానికి వేరే కారణాలు వెతికించడానికి. మనవాళ్ళలో విటమిన్ డి తక్కువ, శాకాహారులైతే బి12 కూడా తక్కువ. థైరాయిడ్, రక్తహీనత, షుగర్, గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగడం, డిప్రెషన్, ఇవన్నీ అచ్చం ఇలాగే ఉంటాయి. నాకు బి12 బాగా తక్కువ అని తేలింది. దాన్ని సరిచేశాక అంకె దిగుతూ వచ్చింది. అందులో బి12 వాటా ఎంతో, ఊరికే రోజులు గడవడం వాటా ఎంతో నా పుస్తకం చెప్పలేదు. ఒకేసారి రెండు మార్చితే ఎవరి పుస్తకమూ చెప్పలేదు. అందుకని కొత్తగా ఏది మొదలుపెట్టినా, అమ్మ పంపిన అశ్వగంధ పొడైనా సరే, ఆ తేదీ వేసి, నెల తర్వాతే ఇంకోటి మొదలుపెట్టండి.

జ్వరం, చలి, రాత్రిళ్ళు చెమటలు ఉంటే మాత్రం మూడు నెలలు ఆగకండి. అదే పురుగు బబీసియా అనే వేరే క్రిమిని కూడా ఎక్కిస్తుంది, దానికి డాక్సీసైక్లిన్ పనిచేయదు.

ఆరో నెల ముఖ్యమైన గుర్తు. మందు అయిపోయి ఆరు నెలలు దాటినా నీరసం, ఒళ్ళంతా నొప్పులు, మతిమరుపు రోజువారీ పనికి అడ్డుపడుతుంటే డాక్టర్లు దానికి ఒక పేరు పెడతారు: పోస్ట్ ట్రీట్‌మెంట్ లైమ్ డిసీజ్ సిండ్రోమ్. 2006లో అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం గీసిన గీత ఇది. అంతకు ముందే ఎవరైనా మీకు ఈ పేరు తగిలిస్తే తొందరపడుతున్నారన్నమాట. చాలామందికి ఆరు నెలలు దాటాక కూడా మెల్లగా తగ్గుతూనే ఉంటుంది.

రక్తపరీక్ష మళ్ళీ మళ్ళీ చేయించకండి

పోయిందో లేదో చూద్దామని లైమ్ టెస్టు మళ్ళీ చేయించుకోవాలని అందరికీ అనిపిస్తుంది. ఆ టెస్టు చూసేది బాక్టీరియాని కాదు, దాని మీద మన ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలని. దొంగ వెళ్ళిపోయినా వాకిట్లో కాపలా కొన్నాళ్ళు కూర్చున్నట్టు, అవి ఉండిపోతాయి. జబ్బు తగ్గిన పది, ఇరవై ఏళ్ళకి కూడా కొందరిలో యాంటీబాడీలు కనిపించాయని 2001లో వచ్చిన అధ్యయనం చెబుతోంది. కాబట్టి పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టు కాదు. ఇండియా వెళ్ళినప్పుడు ల్యాబ్‌లో చవకగా అవుతుందని కూడా చేయించకండి. పాజిటివ్ రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ కంగారుపడటం తప్ప ఒరిగేది లేదు.

ఎవరైనా "నెలల తరబడి యాంటీబయాటిక్ వాడు" అంటే

ఈ మాట మీకు తప్పకుండా వినపడుతుంది. చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే చెబుతారు. అప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: పక్కన ఉత్తుత్తి మందు వాడిన గుంపు ఉందా? ఎవరికి ఏ మందు పడిందో రోగికి, డాక్టర్‌కి తెలియకుండా ఉంచారా? ఎన్నాళ్ళు చూశారు?

ఈ మూడూ ఉన్న అధ్యయనాలు ఉన్నాయి. 2001లో క్లెంప్‌నర్ బృందం, లైమ్ తర్వాత బాధలు పోని 129 మందికి 30 రోజులు నరానికి సెఫ్ట్రియాక్సోన్ ఎక్కించి, తర్వాత 60 రోజులు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇచ్చింది. సగం మందికి ఉత్తుత్తి మందు. చివరికి రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2016లో నెదర్లాండ్స్‌లో 280 మందితో చేసినదాంట్లో, అందరికీ రెండు వారాల సెఫ్ట్రియాక్సోన్ అయ్యాక పన్నెండు వారాలు పొడిగించినా లాభం కనిపించలేదు. 2003లో క్రుప్ బృందం చేసిన చిన్న అధ్యయనంలో నీరసం వరకు కొంత తగ్గింది, మతిమరుపు తగ్గలేదు. మందెక్కించే గొట్టం వల్ల ఇన్ఫెక్షన్ లాంటి ఇబ్బందులు వచ్చి, అంత రిస్కుకి ఇది తగదని వాళ్ళే తేల్చారు. క్లెంప్‌నర్ అధ్యయనంలో ఇంకోటి గమనించండి: ఉత్తుత్తి మందు వాడినవాళ్ళలోనూ మూడోవంతుకి పైగా మెరుగయ్యారు. మీ పక్కింటాయన ఫలానా మందు వాడాక తగ్గింది అన్నప్పుడు ఈ సంగతి గుర్తుతెచ్చుకోండి.

మీరే ఒక అధ్యయనంలో చేరాలంటే

బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్, న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ, రెండిటికీ లైమ్ పరిశోధన కేంద్రాలున్నాయి. అమెరికా ప్రభుత్వం నడిపే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో లైమ్ అని కొట్టి, మీ రాష్ట్రం పెట్టి, ఇప్పుడు మనుషుల్ని తీసుకుంటున్నవి మాత్రమే వచ్చేలా చూడండి. అర్హతల దగ్గర మొదట అడిగేవి మీ మొదటి పేజీలో ఉన్న తేదీలే. మచ్చ ఫోటో, మందు వివరాలు ఉన్నవాళ్ళకి పని తేలిక.

సంతకం పెట్టేముందు ఎన్నిసార్లు రావాలో, ఎంత రక్తం తీస్తారో, ఖర్చు ఎవరిదో, మధ్యలో మానేయవచ్చా అన్నవి అడగండి. ఎప్పుడైనా మానేసే హక్కు మీకుంటుంది. నిజమైన పరిశోధన మామూలుగా మందు ఖరీదు మీ చేత కట్టించదు. డబ్బు కట్టి చేరమంటే అక్కడి నుంచి లేచి రండి.

లైమ్ రానివాళ్ళు కూడా వాళ్ళకి కావాలి. పోలికకి హాప్కిన్స్ వాళ్ళకి దొరికింది 49 మందే కదా. పైగా ఇలాంటి అధ్యయనాల్లో చేరేది ఎక్కువగా తెల్లవాళ్ళే. నల్లెరుపు మచ్చల సంగతి డాక్టర్లకి ఇంకా సరిగా తెలియకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

పుస్తకం పక్కన పెట్టి వెంటనే వెళ్ళాల్సినవి

మూతి ఒక పక్కకి వాలడం, కన్ను మూతపడకపోవడం. గుండె దడ, కళ్ళు తిరిగి పడిపోవడం. మెడ పట్టేసి భరించలేని తలనొప్పి. మోకాలు బంతిలా ఉబ్బడం. ఇవి ఆదివారం దాకా ఆగే విషయాలు కావు. కీళ్ళవాపు నెలల తర్వాత కూడా రావచ్చు, దానికి 28 రోజుల మందు వేరే ఉంది. మామూలు నీరసానికి మళ్ళీ యాంటీబయాటిక్ వద్దన్న మాట దీనికి వర్తించదు.

కొత్త మచ్చ వస్తే పాత జబ్బు తిరగబెట్టిందని అనుకోకండి. మందు వాడి తగ్గాక మళ్ళీ మచ్చ వచ్చిన 17 మందిలోని బాక్టీరియాని పోల్చి చూస్తే, ప్రతిసారీ అది కొత్త రకమేనని 2012లో తేలింది. అంటే మళ్ళీ కరిచిందన్నమాట. లైమ్ ఒకసారి వస్తే ఇక రాదనే ధీమా లేదు. మే నుంచి జూలై దాకా పిల్ల పురుగులు గసగసాల గింజంత ఉంటాయి, మన ఊళ్ళో పశువుల మీద కనిపించే గోమారిలా కంటికి ఆనవు. పెరట్లో పని చేసి రాగానే రెండు గంటల్లోపు స్నానం చేసి మోకాళ్ళ వెనక, చంకల్లో, చెవుల వెనక, జుట్టులో తడిమి చూసుకోండి. వేసుకున్న బట్టలు ముందు డ్రైయర్‌లో బాగా వేడి మీద పది నిమిషాలు తిప్పి, తర్వాత ఉతకండి.

ఎప్పుడు ఆపాలి

వరుసగా మూడు నెలలు మీ అంకెకీ పక్కవాళ్ళ అంకెకీ తేడా ఒకటి దాటకపోతే రాయడం ఆపేయండి. సున్నా కోసం ఎదురుచూడకండి, మా ఆవిడకి రాసినన్నాళ్ళూ ఒక్క వారం కూడా సున్నా రాలేదు. నేను పదకొండో నెలలో ఆపాను. ఆఖరి పేజీ ఒకటి ఖాళీగా వదిలి, పుస్తకాన్ని మందుల డబ్బాలో, పురుగుని పీకే సన్నటి పట్టకారు పక్కన పెట్టాను. ఆ పేజీలో ఇప్పటికి ఒకే తేదీ ఉంది, నిరుడు జూన్‌ది. అది నా చేతిరాత కాదు, మా ఆవిడది. ఆవిడ కాలి మీది పురుగుని ఆ సాయంత్రమే పీకేశాం, ముప్ఫై రోజులు చూశాం, మచ్చ రాలేదు.